సంఖ్యలు పలుకు భాష

దేవాలయమున అర్చకుడు "నూటయెనిమిది" అన్నచో అది అష్టోత్తర శతనామ పూజయని వినువారందఱును గ్రహింతురు. రహదారిపై ప్రమాదము జరిగినచోట ఒకడు అదే సంఖ్యను బిగ్గఱగా పలికినచో అంబులెన్సును పిలువుడని దాని యర్థము. ఈ రెండవ యర్థము పూర్వకాలమునుండి వచ్చినది కాదు. 2005వ సంవత్సరము ఆగష్టు 15వ తేదీన హైదరాబాదులో ఆ సంఖ్యతో అత్యవసర సేవ మొదలైన పిమ్మటనే అది జనుల నాలుకలపై నిలిచినది. నేడు పల్లెలలో సైతము "నూటయెనిమిది వచ్చినది" అని చెప్పుకొనుచున్నారు. సంఖ్య యొక్కటే, చోటు మాఱినంతనే అర్థము మాఱినది. సంఖ్యకు పుట్టుకతో వచ్చిన అర్థ మేదియును లేదు. పదిమంది కలిసి యొప్పుకొని యిచ్చినదే దాని యర్థము. ఇట్టి యొప్పందమునే మన శాస్త్రకారులు సంకేతమనిరి.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పోలీసువారు రేడియోలో మాటలాడుకొను భాష చాలవఱకు ఇట్టి సంకేతములతో నిండియుండును. "టెన్-ఫోర్", "టెన్-ట్వెంటీ", "కోడ్ త్రీ", "టూ-లెవెన్" అను మాటలు క్రొత్తగా వినువానికి పొడుపుకథలవలె తోచును. ఆ భాష ఏల పుట్టెను? దానిని బయటివారు ఎట్లు నేర్చుకొనిరి? అంత యుపయోగకరమైన దానిని కొన్ని సమయములందు విడిచిపెట్టుమని ప్రభుత్వమే యేల చెప్పవలసివచ్చెను? ఈ పాఠమున ఆ సంగతి తెలిసికొందము.

ఇరువదవ శతాబ్దపు మొదటి భాగమున అమెరికా నగరములలో మోటారుకార్లు విరివిగా తిరుగజొచ్చెను. దొంగలు కార్లెక్కి పాఱిపోవుచుండగా గస్తీ తిరుగు పోలీసునకు ఆ వార్త తెలుపుటకు వీథి మూలలందలి టెలిఫోను పెట్టెలు తప్ప వేఱు సాధనము లేకుండెను. కార్ల పరిశ్రమకు కేంద్రమైన డిట్రాయిటు నగరపు పోలీసు శాఖ ఈ పనికి రేడియోను ఉపయోగింప బూనెను. 1920 తరువాతి యేండ్లలో అది నడపిన తొలి ప్రసార కేంద్రము, నాటి లైసెన్సు నియమములనుబట్టి, పోలీసు వార్తల నడుమ సంగీతాది వినోదములను గూడ ప్రసారము చేయవలసివచ్చెను! కదలుచున్న కారులో కుదుపులకును, ఇంజను రొదకును తట్టుకొని పనిచేయు రేడియో కుదురుటకు మఱికొన్ని యేండ్లు పట్టెను. కెన్నెత్ కాక్స్ అను పోలీసు ఉద్యోగియు, రాబర్ట్ బాట్స్ అను ఇంజనీరింగు విద్యార్థియు శ్రమించి అట్టి యంత్రమును సిద్ధపఱుపగా 1928 ఏప్రిల్ 7వ తేదీన డిట్రాయిటులో క్రమబద్ధమైన పోలీసు రేడియో సేవ మొదలయ్యెను.

అయితే ఆ సేవ ఏకముఖమైనది. కేంద్రము చెప్పును, కారులోనివారు విందురు, అంతే. వారు బదులు చెప్పవలెనన్నచో టెలిఫోనును వెదకుకొనుచు పోవలసినదే. 1933లో న్యూజెర్సీ రాష్ట్రమందలి బేయాన్ నగర పోలీసులు కారునుండి కేంద్రమునకును, కేంద్రమునుండి కారునకును మాటలాడుటకు వీలైన రేడియోలను నెలకొల్పిరి. అప్పటినుండి వార్త రెండు దిక్కులకును నడచెను.

దానితోపాటు ఒక చిక్కును మొదలయ్యెను. ఒక శాఖకంతటికిని తఱచుగా ఒక్కటే రేడియో మార్గము. దానిపై ఒక కాలమున ఒక్కరే మాటలాడవలెను. ఊరంతటికిని ఒక్కటే బావి యున్నప్పుడు ఒకడు తాపీగా తోడుచు నిలిచినచో వెనుకనున్నవా రెట్లు తొందరపడుదురో, అట్లే ఒక పోలీసు తన సంగతిని సాగదీసి చెప్పినచో మిగిలినవారందఱును నోరు మూసికొని వేచియుండవలసివచ్చెను. ఆ వేచియున్నవారిలో ప్రాణాపాయమున నున్నవాడొక డుండవచ్చును. కావున మాటను కుదించుట సౌకర్యమునకే కాదు, ప్రాణరక్షణకును అవసరమయ్యెను.

1937లో ఇల్లినాయి రాష్ట్ర పోలీసు శాఖకు చెందిన పీసోటం కేంద్రమున రేడియో వ్యవహారములను చూచుచుండిన చార్లెస్ హాపర్ అను నతడు దీనికొక యుపాయమును కనిపెట్టెను. తఱచుగా వచ్చు వాక్యముల కన్నిటికిని ఒక్కొక్క సంఖ్య నిచ్చి, ఆ సంఖ్యకు ముందు "టెన్", అనగా పది, అను మాట నుంచెను. ఈ "టెన్" ఏలయని మీ రడుగవచ్చును. ఆనాటి కారు రేడియోలో మాటలాడుటకై మీట నొక్కగనే లోపలనున్న చిన్న మోటారు తిరిగి, దానివలన పుట్టిన విద్యుత్తు వాల్వులకు అందవలెను. ఆ మోటారు పూర్తి వేగమును అందుకొనుటకు సెకనులో పదియవ వంతు మొదలు నాల్గవ వంతువఱకు పట్టుచుండెను. మీట నొక్కి వెంటనే "ఫోర్" అన్నచో ఆ మాట యంతయు ఆ వ్యవధిలో మాయమై, వినువానికి ఏమియు చేరదు. క్షణ మాగి మాటలాడుడని ఎంత చెప్పినను తొందరలో నున్నవాడు ఆగడు. అందుచే హాపరు ముందుగా ఒక నిరపాయమైన మాటను చేర్చెను. పంటకు తగులవలసిన దృష్టిని తనపై వేసికొను దిష్టిబొమ్మవలె, ఆ "టెన్" అను మాట యంత్రలోపమును తనపై వేసికొని, దాని వెనుక వచ్చు అసలు సంఖ్యను కాపాడుచుండెను. పైగా ముందు "టెన్" వినబడినచో రానున్నది ఇంటి సంఖ్య కాదు, కారు సంఖ్య కాదు, సంకేతమేయని వినువాడు సిద్ధపడును.

ఈ సంకేతములను దేశమంతట వ్యాపింపజేసినది 1935లో ఏర్పడిన పోలీసు రేడియో అధికారుల సంఘము. దాని పేరును కుదించి ఆప్కో యందురు. ఆప్కో యనగనే మనకు చేనేత వస్త్రముల సహకార సంఘము స్ఫురించును. అచ్చటివారికి రేడియో అధికారులు స్ఫురింతురు. సంకేతమనగా నేమో దీనివలనను తెలియును. ఈ సంఘము 1974లో ఆ పట్టికను విస్తరించి ప్రకటించెను.

ముఖ్యమైన కొన్ని సంకేతములను చూడుడు. 10-1 అనగా మీ మాట సరిగా వినబడుటలేదు. 10-2 అనగా బాగుగా వినబడుచున్నది. 10-4 అనగా మీరు చెప్పినది అందినది, సరియే. 10-7 అనగా నేను ప్రస్తుతము విధిలో లేను. 10-8 అనగా విధిలో నున్నాను, పనికి సిద్ధము. 10-9 అనగా మఱల చెప్పుడు. 10-20 అనగా ఉన్నచోటు, "మీ 10-20 ఏమి?" అని యడిగినచో "ఎక్కడ నున్నారు?" అని యర్థము. వీనిలో 10-4 అనునది పోలీసులను దాటి జనులలోనికి వచ్చెను. 1955 మొదలు 1959 వఱకు ప్రసారమైన "హైవే పాట్రోల్" అను టెలివిజను కథలవలనను, 1970 తరువాత లారీ డ్రైవర్లు తమలో తాము మాటలాడుకొనుటకు వాడిన రేడియోలవలనను అది ఇంటింటి మాటయయ్యెను.

అన్ని సంకేతములును ఈ పట్టికనుండి వచ్చినవి కావు. కాలిఫోర్నియా రాష్ట్రమున పోలీసులు 1872 నాటి తమ శిక్షాస్మృతిలోని సెక్షను సంఖ్యలనే నేరములకు పేర్లుగా వాడుదురు. 187 అనగా హత్య. 211 అనగా దోపిడి. 459 అనగా ఇంటిలో జొరబడి చేయు దొంగతనము. మనవారు మోసగానిని "ఫోర్ ట్వంటీ" యనుట ఇట్టిదే. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో మోసమును గూర్చిన 420వ సెక్షనునుండి ఆ మాట పుట్టెను. లాస్ ఏంజిలిస్ పోలీసులకు మఱియొక వరుసయును కలదు. "కోడ్ త్రీ" అన్నచో ఎఱ్ఱదీపముతోను, సైరనుతోను పోవలెను. "కోడ్ ఫోర్" అన్నచో ఇంక ఎవరును రానక్కఱలేదు. "కోడ్ సెవెన్" అన్నచో భోజనమునకు పోవుచున్నామని యర్థము.

సంఖ్యలవలెనే అక్షరములకును పేర్లు కావలసివచ్చెను. కీచుమను రేడియోలో ఆంగ్లమున బీ, డీ, పీ, టీ అను అక్షరములు ఒక్కతీరుగనే వినబడును. మనకును దూరమునుండి కేకవేసినచో "ఆఱు" అన్నదో "నూఱు" అన్నదో తెలియక చిక్కుపడుట కలదు గదా! కావున ఒక్కొక్క యక్షరమునకు ఒక్కొక్క పేరు పెట్టిరి. అమెరికా పోలీసులు పెక్కుమంది ఏ అను నక్షరమునకు ఆడం, బీకి బాయ్, సీకి చార్లెస్, డీకి డేవిడ్ అందురు. విమానములును, సైనికులును వాడు వరుస వేఱు. 1956లో స్థిరపడిన ఆ వరుసలో అవే యక్షరములు ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా అగును. లాస్ ఏంజిలిసులో "వన్-ఆడం-ట్వెల్వ్" అని పిలిచినచో మొదటి యంకె పోలీసు విభాగమును, "ఆడం" అనునది ఇద్దఱు పోలీసులున్న కారును, చివరి సంఖ్య వారు తిరుగు ప్రాంతమును తెలుపును. మూడు మాటలలో ఎవరు, ఎందఱు, ఎక్కడివారు అను మూడు సంగతులును ఇమిడియున్నవి. మన పోలీసులు సైతము పలుకు "రోజర్" అను మాట యట్టిదే. వెనుకటి వరుసలో ఆర్ అను నక్షరమునకు అది పేరు. "అందినది" అను ఆంగ్లపదము ఆ యక్షరముతో మొదలగును. నేటి వరుసలో ఆ యక్షరమునకు "రోమియో" యని పేరు మాఱినను "రోజర్" మాత్రము నిలిచిపోయినది.

ఇక ఈ భాషను బయటివారు ఎట్లు నేర్చిరో చూతము. పోలీసు రేడియో మొదలైన దినములనుండియు జనులు దానిని వినుచునేయున్నారు. 1930 తరువాత అమెరికాలో అమ్మిన గృహ రేడియోలు పెక్కింటి ముఖముపై "పోలీసు" అను గుఱుతు ఉండెడిది. ముల్లును అచ్చటికి త్రిప్పినచో ఆ మాటలు వినబడెడివి. తరువాత పోలీసులు వేఱు తరంగములకు మాఱగా స్కానరు అను యంత్రము వచ్చెను. సాధారణమైన రేడియో మనము పెట్టినచోటనే నిలుచును. స్కానరట్లు కాదు. అది ఒక మార్గమును తాకి, అచ్చట నిశ్శబ్దముగా నున్నచో వెంటనే తరువాతి దానికి దుమికి, మాట వినబడినచోట ఆగును. ఆ మాట ముగియగనే మఱల తిరుగసాగును. రాత్రివేళ వీథిలో తలుపు తలుపును తట్టి చూచుచు పోవు కావలివానితో దీనిని పోల్చవచ్చును. తొలి స్కానరులలో ఒక్కొక్క మార్గమునకు ఒక్కొక్క స్ఫటికమును కొని అమర్చవలసియుండెను. ఇప్పటి వానిలో మీటలు నొక్కి వందలకొలది మార్గములను నిలుపుకొనవచ్చును.

యంత్రము కొన్నంతమాత్రమున భాష రాదు. దానిని నేర్చు పద్ధతిని మన ప్రాచీనులు చక్కగా వివరించిరి. పసిబిడ్డకు మాటల యర్థము లెట్లు తెలియునను ప్రశ్నకు వారు వృద్ధవ్యవహారముచేత నని బదులు చెప్పిరి. పెద్దవాడొకడు "ఆవును తెమ్ము" అనును. రెండవవాడు పోయి ఆవును తెచ్చును. బిడ్డ చూచుచుండును. తరువాత పెద్దవాడు "ఆవును కట్టుము", "గుఱ్ఱమును తెమ్ము" అనును. ఒక మాట పోయి మఱియొక మాట వచ్చినప్పుడు పనిలో ఏమి మాఱినదో గమనించి, ఆవన నేమో, తెచ్చుటన నేమో బిడ్డ విడదీసి తెలిసికొనును. స్కానరు వినువాడును సరిగా ఈ బిడ్డవంటివాడే. ఊహించిన యొక సంభాషణమును చూడుడు.

కేంద్రము: "పదునాల్గవ కారు! టెన్-ఫిఫ్టీ. నాల్గవ వీథియు, ఓక్ వీథియు కలియుచోట."
కారు: "టెన్-నైన్."
కేంద్రము: "టెన్-ఫిఫ్టీ. నాల్గవ వీథి, ఓక్ వీథి."
కారు: "టెన్-ఫోర్. టెన్-సెవెంటీసిక్స్."
కారు, కొన్ని నిమిషముల పిమ్మట: "టెన్-ట్వెంటీత్రీ. రెండు కార్లు ఢీకొన్నవి. అంబులెన్సు కావలెను."
కారు, ఒక గంట పిమ్మట: "టెన్-ఎయిట్."

పట్టిక నెఱుగనివాడు సైతము ఓపికతో వినినచో దీనిని విప్పగలడు. "టెన్-నైన్" అన్నంతనే కేంద్రము వెనుకటి మాటనే తిరిగి చెప్పినది. కావున అది "మఱల చెప్పుడు" అనుట. "టెన్-ఫోర్" అన్నపిమ్మట కేంద్రము మఱల చెప్పలేదు. కావున అది "అందినది" అనుట. "టెన్-ట్వెంటీత్రీ" అన్నపిమ్మట ఎదుటనున్న దృశ్యమును వర్ణించినాడు. కావున అది "చేరితిని" అనుట. దానికి ముందరి "టెన్-సెవెంటీసిక్స్" అనగా "బయలుదేఱితిని" అయి యుండవలెను. రెండు కార్లు ఢీకొన్నవన్నాడు గనుక "టెన్-ఫిఫ్టీ" రోడ్డు ప్రమాదము. ఒక్కమాఱు వినినదానితో నిశ్చయింపక, పదిమాఱులు విని సరిచూచుకొనుట ఈ విద్యలో ముఖ్యము.

ఈ విద్యతో జీవించినవారును కలరు. వీజీ యను పేర ప్రసిద్ధుడైన ఆర్థర్ ఫెలిగ్ అను పత్రికా ఛాయాచిత్రకారుడు 1938లో తన కారులో పోలీసు రేడియో నుంచుకొనుటకు న్యూయార్కులో అనుమతి పొందెను. రాత్రులందు ఆ మాటలు వినుచు, అగ్నిప్రమాదము జరిగినను, హత్య జరిగినను వెంటనే అచ్చటికి చేరి ఛాయాచిత్రములు తీసి పత్రికలకు అమ్ముచుండెను. నాటినుండి పత్రికా కార్యాలయములలో స్కానరు ఒక ముఖ్యమైన పనిముట్టయ్యెను. తుఫానులును, కార్చిచ్చులును వచ్చునప్పుడు ఇరుగుపొరుగువారికి హెచ్చరిక చేసిన స్వచ్ఛంద శ్రోతలును పెక్కుమంది కలరు.

అయితే సగము తెలిసిన సంకేతము అసలు తెలియనిదానికంటె ప్రమాదకరము. 2013 ఏప్రిల్ నెలలో బోస్టను నగరమున జరిగిన పరుగుపందెమువద్ద బాంబులు ప్రేలినప్పుడు నేరస్థులకై పోలీసులు వెదకుచుండగా వేలకొలది జనులు ఆ మాటలను వినుచుండిరి. స్కానరులో వింటిమని చెప్పుచు కొందఱు ఒక నిరపరాధియైన విద్యార్థి పేరును ఇంటర్నెట్టులో ప్రచారము చేసిరి. ఆ యువకునకును ఆ ఘోరమునకును ఏ సంబంధమును లేదు. అతని కుటుంబము అనుభవించిన వేదన మాటలకు అందనిది. పోలీసులు నిలిచియున్న తావులను బయటపెట్టి వారి ప్రాణములకు ముప్పు తేవలదని ఆ నగర పోలీసు శాఖ బహిరంగముగా కోరవలసివచ్చెను. పోలీసు రేడియోలో వినబడునది విచారణలోని మొదటి మాటయే కాని తీర్పు కాదు. ఎవరో అనుమానించిరన్నంతమాత్రమున అది నిజము కాజాలదు.

వినువారికే కాదు, వాడువారికిని ఈ సంకేతములవలన నొక గండము కలదు. హాపరు సంకేతములను పుట్టించినపుడు వానిని వాడువారు ఒక్క శాఖవారే. పోనుపోను ఒక్కొక్క నగరము తన యవసరమునుబట్టి పట్టికను మార్చుకొనెను. ఆప్కోవారి పాత పట్టికలో 10-13 అనగా వాతావరణమును, రోడ్ల స్థితిని గూర్చిన వార్త. న్యూయార్కు నగరమున అదే 10-13 అనగా "పోలీసు ఆపదలో నున్నాడు, సహాయమునకు పరుగెత్తి రండు" అని యర్థము. పెక్కుచోట్ల 10-50 రోడ్డు ప్రమాదమైనచో న్యూయార్కులో అది అల్లరి మూకకు పేరు. ఈ భేదము ఎవరి యూరిలో వారున్నంతవఱకు బాధింపదు. ఇరుగుపొరుగు శాఖలవారు ఒక్కచోట కలిసి పనిచేయవలసివచ్చినప్పుడే దాని భయంకరత్వము తెలియును. ప్రాణముకొఱకు ఒకడు వేసిన కేక రెండవవానికి వాన వచ్చుచున్నదను వార్తగా వినబడినచో ఏమగునో ఆలోచింపుడు!

2005 ఆగష్టు 29వ తేదీన కట్రీనా యను పెనుతుఫాను లూసియానా, మిసిసిపి తీరములను ముంచివేసెను. దేశములోని అనేక రాష్ట్రములనుండి పోలీసులు, అగ్నిమాపక దళములవారు సహాయమునకు వచ్చిరి. వారి రేడియోలు ఒకదానితో నొకటి కలియలేదు. కలిసినచోట సంకేతములు కలియలేదు. ఇట్టి యనుభవములు గడించిన పిమ్మట ఫెడరలు ప్రభుత్వము, పెక్కుశాఖలు కలిసి పనిచేయు ప్రమాదములందు సంకేత సంఖ్యలను విడిచి తేటమాటలనే వాడవలెననియు, అట్లు చేయని శాఖలకు తన సహాయనిధులు అందవనియు 2006లో నియమము పెట్టెను. ఒక శాఖ తనలో తాను దినదినమును జరుపుకొను వ్యవహారములకు మాత్రము ఈ నిర్బంధము లేదు. అందుచే నేటికిని పెక్కు నగరములలో "టెన్-ఫోర్" వినబడుచునే యున్నది. అయినను "ప్రమాదము జరిగినది, ఇద్దఱికి గాయములు తగిలినవి" అని సూటిగా చెప్పుకొను శాఖలును అనేకములు కలవు.

ఇప్పుడు మఱియొక మార్పు వచ్చుచున్నది. కొన్ని నగరముల పోలీసులు తమ మాటలను బయటివా రెవ్వరును వినకుండ యంత్రముచేతనే మఱుగుపఱచుచున్నారు. డెన్వరు నగరము 2019లో ఇట్లు చేసెను. న్యూయార్కు 2023లో ఈ మార్పును మొదలుపెట్టెను. దారిలో ఆపబడిన మనుష్యుల పేర్లును, పుట్టిన తేదీలును లోకమంతయు వినుట తగదని పోలీసు లందురు. పోలీసులు ఏమి చేయుచున్నారో ప్రజలకు తెలియు మార్గము మూసికొనిపోవుచున్నదని పత్రికలవా రందురు. ఇరువురి మాటలోను న్యాయము కలదు. ఇచ్చట పదికి నాలుగు చేర్చి పలుకుటకును, యంత్రముచేత మఱుగుపఱచుటకును గల భేదమును గుర్తింపవలెను. హాపరు సంకేతములు రహస్యమునకు పుట్టినవి కావు. త్వరకొఱకును, స్పష్టతకొఱకును పుట్టినవి.

మన దేశపు పద్ధతి వేఱు. అమెరికాలో మఱుగుపఱుపని పోలీసు మాటలను ఇంటిలో వినుట నేరము కాదు. న్యూయార్కువంటి కొన్ని రాష్ట్రములలో కారులో అట్టి యంత్రము నుంచుకొనుటకు మాత్రము అనుమతి కావలెను. మనకు 1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము, అనుమతి లేక వైర్‌లెస్ యంత్రమును కలిగియుండుటయే నేరమని చెప్పెను. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టమును రేడియో యంత్రములకు అనుమతి కావలెననియే చెప్పుచున్నది. కావున ఇది మనము తెలిసికొనదగిన విద్యయే కాని, యంత్రము కొని పరీక్షింపదగినది కాదు.

సంకేతములు కాలముతో మాఱుటకు మన యింటి యుదాహరణ మొకటి కలదు. భారత శిక్షాస్మృతి ప్రకారము 302వ సెక్షను హత్యకు శిక్ష. న్యాయస్థానములలోను, పత్రికలలోను, సినిమాలలోను "302" అన్నచో హత్యయే. 2024 జూలై 1వ తేదీన భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. అందు హత్యకు శిక్ష 103వ సెక్షనున నున్నది. 302వ సెక్షను పరుల మతభావములను గాయపఱచు మాటలను గూర్చినది. మోసము 420 నుండి 318కి పోయినది. ఆ తేదీకి ముందు చదివినవాడును, తరువాత చదివినవాడును ఒక్క గదిలో కూర్చుండి "302" అనుకొన్నచో వారి మనస్సులలో రెండు వేఱు నేరములు మెదలును. కావుననే జాగరూకుడైన యధికారి సంఖ్యతోపాటు నేరముపేరును, చట్టముపేరును గూడ వ్రాయును.

విద్యార్థులారా! సంకేతమును నిందించుటకు ఈ పాఠము చెప్పలేదు. ఒక్క బడిలో, ఒక్క కార్యాలయములో, ఒక్క వృత్తిలో కలిసి మెలగువారికి అది కాలమును మిగుల్చును, శ్రమను తగ్గించును. కాని ఎదుటివాడు మన సంకేతము నెఱుగునో లేదో తెలియనప్పుడు, ముఖ్యముగా ఆపత్సమయమున, దానిని నమ్మరాదు. అమెరికాలో 1968 ఫిబ్రవరి 16వ తేదీన అలబామా రాష్ట్రమందలి హేలీవిల్ అను చిన్న పట్టణమున మొదలైన 911 అను సంఖ్యయు, మన దేశమున నేడున్న 112 అను సంఖ్యయు అందఱును ఎఱుగవలసిన సంకేతములు. అట్టి సంకేతము తలుపు తెఱచునంతవఱకే. తలుపు తెఱచినపిమ్మట పనికివచ్చునది తేటతెలుగే. మీ కెప్పుడైన 112కు పిలువవలసివచ్చినచో మొదట చోటును చెప్పుడు. ఊరుపేరు, వీథిపేరు, దగ్గఱనున్న బడియో గుడియో చెఱువుగట్టో చెప్పుడు. పిదప ఏమి జరిగినదో, ఎందఱికి దెబ్బలు తగిలినవో చెప్పుడు. అవతలివారు మఱల చెప్పుమన్నచో విసుగుకొనక మఱల చెప్పుడు. వారు విన్నదానిని తిరిగి చెప్పువఱకు ఫోనును పెట్టివేయకుడు. పలికినవాడు తలచినదియే వినినవానికి చేరినప్పుడు మాత్రమే మాట మాటయగును.

ప్రశ్నలు

1. హాపరు సంకేత సంఖ్యలకు ముందు "టెన్" అను మాటను ఏల చేర్చెను?
2. వృద్ధవ్యవహారమనగా నేమి? స్కానరు వినువాడు దానివలన అర్థములను ఎట్లు తెలిసికొనును?
3. 10-13 అను సంకేతమునకు గల రెండర్థములను తెలిపి, దానివలన కలుగదగిన యపాయమును వ్రాయుము.
4. 2006లో అమెరికా ప్రభుత్వము పెట్టిన నియమ మేది? అది ఏ సందర్భమునకు వర్తించును, దేనికి వర్తింపదు?
5. పోలీసు రేడియోను ప్రజలు వినవచ్చునా, వినరాదా? ఇరుపక్షముల వాదములను సొంతమాటలలో వ్రాయుము.
6. మీ యూరిలోనో, ఇంటిలోనో, ఏదేని వృత్తిలోనో వాడు సంకేత పదములను ఐదింటిని సేకరించి వాని యర్థములను వ్రాయుము.